కాలవ గట్టున రెండు గోతులు

గోదావరి జిల్లాలు చూసివచ్చినవాళ్ళందరూ పచ్చదనం గురించి రాస్తారు. నేనూ చూశాను. ఉంది, కాదనను. కానీ నేను పోయింది దాన్ని చూడ్డానికి కాదు. కాలవ గట్టున తవ్విన ఒక గోతిలో చెయ్యి నలగ్గొట్టుకుని ఆసుపత్రిలో పడి ఉన్న మా బావను ఇంటికి తీసుకురావడానికి.

మాది కడప జిల్లాలో జమ్మలమడుగు పక్క పల్లె. నేను ఆర్టీసీలో కండక్టర్ని. బావ ఓబులేసు మా అక్క మొగుడు, సెంట్రింగ్ మేస్త్రి. కాంక్రీటు పోసే ముందు దాన్ని పట్టి ఉంచడానికి రేకులూ చెక్కలూ దూలాలూ కట్టడం, అది గట్టిపడ్డాక వాటిని విప్పడం ఆయన పని. మా వైపు కొండల్లో నీళ్ళకోసం తొలిచిన సొరంగాల్లో చేసి చేసి పేరు తెచ్చుకున్నాడు. ఆ పేరు పట్టుకునే ఊళ్ళో కుర్రాళ్ళను వెంటేసుకుని గోదావరి దాకా పోయాడు.

గొయ్యి కూలిన సాయంత్రం ఫోన్ చేశాడు. “ఒక మనిషి సచ్చిపోయినాడు రా. నేను వద్దంటి. వద్దనే చెప్తి. ఇన్లేదు” అని ఏడ్చాడు. మరునాడు మళ్ళీ చేశాడు. ఈసారి ఏడుపు లేదు. “నాదే తప్పులే. అక్కకు చెప్పు” అన్నాడు.

ఒక రాత్రిలో మాట ఎట్లా మారిందో నాకు అంతుపట్టలేదు. మేస్త్రికి పొలాలుండవు, పింఛనుండదు, పేరొక్కటే ఉంటుంది. మొదటి ఫోన్లో చెప్పిన మాటతోనే ఆయన్ని ఇంటికి తేవాలని సెలవు పెట్టి రైలెక్కాను.

నిడదవోలు

ముందు నా ఘనకార్యం చెప్పుకోవాలి. నిడదవోలు స్టేషన్లో కాఫీకని దిగాను. రైలు కదిలిపోయింది. “బస్సు కదులుతోంది, ఎక్కండెక్కండి” అని జీవితమంతా జనాన్ని అదిలించినవాణ్ణి, చేతిలో కాగితం గ్లాసుతో ప్లాట్‌ఫారం మీద నిలబడిపోయాను. సంచీ రైల్లోనే పోయింది. అక్క కట్టిచ్చిన జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి, బావకు రెండు లుంగీలు, అన్నీ విశాఖపట్నం వెళ్ళిపోయాయి.

కాఫీ అమ్మే పెద్దాయన నన్ను చూసి ఏమాత్రం కంగారుపడలేదు. “రాజమండ్రేగాండి? ఎంతో దూరం లేదండి. బస్సులు బోలెడు. ఈలోగా ఇంకో కాఫీ తాగండి” అన్నాడు. రెండో కాఫీకి కూడా డబ్బులు తీసుకున్నాడు, అదీ రెండు చేతులతో, మర్యాదగా.

బస్సెక్కాక ఆ మర్యాద ఇంకా ఎక్కువైంది. మా వైపు నేను “జరుగమ్మా, జరుగు, లోపల ఖాళీ ఉంది” అని గొంతు చించుకుంటాను. ఇక్కడి కండక్టరు కుర్రవాడు “కొంచెం లోపలికి జరగండమ్మా, వెనకవాళ్ళు నిలబడ్డారండి” అంటున్నాడు. జనం జరుగుతున్నారు కూడా! నాకు అసూయ కలిగింది. నా పాసు చూసి “స్టాఫాండి?” అని పక్కన కూర్చున్నాడు. ఇద్దరం డ్యూటీల గురించి, ఆడవాళ్ళకు టిక్కెట్టు తీసేశాక పెరిగిన రద్దీ గురించి చెప్పుకున్నాం. తర్వాత ఎక్కడికని అడిగితే, ఆసుపత్రికని, గొయ్యి కూలిన చోట దెబ్బతిన్నవాణ్ణి చూడటానికని చెప్పాను.

“ఆ గొయ్యాండి?” అన్నాడు. “పేపర్లో వేశారండి. కడప నుంచి వచ్చిన మేస్త్రంట. పాపం వాళ్ళది రాతినేల కదండీ, తవ్వితే అలా నిలబడిపోద్ది. మన మన్ను సంగతి వాళ్ళకేం తెలుస్తుందండి? మద్దతు దూలాలు ముందే పీకేశాడంట.”

నేను ఎవరి మనిషినో చెప్పలేదు. వంతెన మీద అందరూ గోదావరికి దండం పెడుతుంటే కిటికీలోంచి చూస్తూ ఊరుకున్నాను. నాకంటే ముందు అబద్ధం రాజమండ్రి చేరి, అక్కణ్ణుంచి నిడదవోలు దాకా కూడా వచ్చేసింది.

రాజమండ్రి

ఆసుపత్రిలో బావ మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఒక యువకుడు కూర్చుని బత్తాయి ఒలుస్తున్నాడు. నన్ను చూసి లేచి కుర్చీ ఇచ్చాడు. “కూర్చోండి సార్. టిఫిన్ చేశారాండి? రూమ్ ఏమైనా చూడమంటారా?” అన్నాడు. ఒలిచిన తొనలు బావ ఎడమచేతిలో పెట్టి, “రెస్ట్ తీసుకోండి మేస్త్రి గారూ” అని వెళ్ళిపోయాడు. మా పెద్దవాడి వయసుంటుంది.

“ఎవరీ పిల్లోడు?” అన్నాను.

“సైటు ఇంజనీరు” అన్నాడు బావ.

కుడిచేయి మోచేతి దాకా కట్టు. రెండు వేళ్ళు లేవని నర్సు చెప్పింది. తలుపు వైపు ఒకసారి చూసి, బావ జరిగింది చెప్పుకొచ్చాడు. ఆ పని గురించి తెలియనివాళ్ళ కోసం నా మాటల్లో రాస్తున్నాను.

రామచంద్రపురం దగ్గర ఒక కాలవ కింది నుంచి మంచినీళ్ళ పైపు దాటించాలి. రెండు గట్ల మీదా రెండు లోతైన గోతులు తవ్వి, అడుగున ఒకదాన్నుంచి ఇంకోదానికి సొరంగం తొలుస్తారు. అక్కడి మన్ను మా మన్ను కాదు, నీళ్ళతో నిండిన ఒండ్రు, వదిలితే పారుతుంది. అందుకని నాలుగు పక్కలా ఇనప పలకలు దించి, అవి లోపలికి పడకుండా ఒక పలక నుంచి ఎదుటి పలకకు అడ్డదూలాలు బిగిస్తారు. ఆ తర్వాత అడుగు నుంచి కాంక్రీటు గోడ పోసుకుంటూ వస్తారు. గోడ గట్టిపడి మన్ను బరువు మోయగలిగాకే దాని ఎదుట ఉన్న దూలాలు విప్పాలి. తొందరపడితే ఏమీ ఉండదు, మన్ను లోపలికి వస్తుంది.

కంపెనీ రెండు గోతులకూ కలిపి ఒకటే సెట్టు దూలాలు తెప్పించింది. అవతలి గట్టు గొయ్యి ఆలస్యమవుతోందని, ఇవతలి గోతిలో గోడ పచ్చిగా ఉండగానే కింది వరస విప్పమన్నాడు ఆ ఇంజనీరు.

“గోడ ఇంగా పచ్చిగా ఉంది సార్, మోయలేదు అంటి” అన్నాడు బావ. “నేను విప్పను, మా పిల్లోల్లు విప్పరు అని చెప్పి పైకొచ్చి అన్నానికి పోతి. నేను అన్నం తింటాంటే ఆయప్ప యేసురత్నాన్ని దింపినాడు. ఆ ఊరి కూలోడే. పాపం, పానా చేతికిస్తే దిగినాడు. అరుపు ఇనపడి పోయి సూచ్చే సగానికి మన్నే. దిగి లాగబోతి. దూలం జారి చేతి మింద పడె.”

“మరి నీ తప్పని ఎందుకంటివి?”

“నా తప్పంటే కంపెనీ మింద కేసు గీసు ఉండదంట, నా మిందదీ వాల్లే సూసుకుంటారంట. పని ఆగదు, మనోల్లకు కూలి ఉంటాది. యేసురత్నం పెండ్లానికి పరిహారం తొందరగా వచ్చాది. లేదంటే ఏండ్లు పడతాది, అంతదంకా ఆ పిల్లోల్లు ఏం తినాల అన్నాడు.”

“ఎవరు?”

“ఇంగెవరు, ఈ పిల్లోడే. రెండు చేతులూ జోడించి అడిగినాడు రా. కాళ్ళు పట్టుకోబోయినాడు.”

మా వైపు ఎవడైనా గదమాయించి అట్లా అడిగితే బావ వాడి గల్లా పట్టుకుని ఉండేవాడు. దండం పెట్టి అడిగేవాణ్ణి ఏం చేయాలో ఆయనకు తెలియలేదు. నాకూ తెలియదనుకోండి. అప్పటికే పోలీసుల ముందు కూడా ఆ మాటే చెప్పేశాడట. ఇక మిగిలింది ఆదివారం. యేసురత్నం వాళ్ళది లూథరన్ చర్చి కుటుంబం. ఇంటివాళ్ళను ఓదార్చడానికి ఆదరణ కూడిక పెడుతున్నారు, బావ అక్కడికి వెళ్ళి అందరిముందూ ఒప్పుకోవాలి.

“నువ్వు పోవద్దు. నేరుగా ఇంటికి పోదాం” అన్నాను. గొంతు పెద్దదైందని నర్సు నన్ను బయటికి పంపించింది.

వీధిలో జనం రోజ్‌మిల్క్ కోసం ఎగబడుతున్నారు. రాజమండ్రి వచ్చి ఇది తాగకుండా పోకూడదని మా డిపోలో ఎవరో చెప్పారు. ముప్ఫై రూపాయలిచ్చి కోపంతోనే తాగాను. బ్రహ్మాండంగా ఉంది. దాంతో ఇంకా కోపం వచ్చింది.

రావులపాలెం

ఆసుపత్రి నుంచి వదిలాక బావ సామాన్ల కోసం సైటుకి బయల్దేరాం. కొంచెం చుట్టైనా రావులపాలెంలో దిగి పోదామన్నాడు బావ. ఆ యమ్మ ఇంటికి ఒట్టి చేతులతో పోలేనన్నాడు. కూడికకు పోవద్దని నేను అంటూనే ఉన్నాను, ఆయన పళ్ళ సంగతి ఆలోచిస్తున్నాడు.

రావులపాలెం అరటి మార్కెట్టు చూడాల్సిందే. ఎటు చూసినా గెలలే. సైకిళ్ళకు రెండు వైపులా గెలలు కట్టుకుని తోసుకొస్తున్నారు, లారీల్లో ఆకులు పరిచి పేరుస్తున్నారు. మేము అరటిపండంటే అరటిపండే అంటాం. ఇక్కడ చక్కెరకేళి వేరు, కర్పూరం వేరు, అమృతపాణి వేరు. ఏది అడిగామో సరిగ్గా చెప్పకపోతే జాలిగా చూస్తారు.

ఒక నడివయసు వ్యాపారి మా మాట విని నవ్వాడు. “కడపాండి? పులివెందుల అరటి మీదేగా. మా రేట్లు పడగొట్టేసి, మళ్ళీ మా దగ్గరే కొంటారేంటండి!”

బావ నవ్వాడు. ఆ ప్రయాణం మొత్తంలో ఆయన నవ్వడం అదొక్కసారే చూశాను. వ్యాపారి గెల నుంచి రెండు అత్తాలు అమృతపాణి కోసి, పెద్దవాళ్ళుంటే ఇవే మెత్తగా ఉంటాయని చెప్పి, నూరు రూపాయలకు ఇచ్చాడు. కట్టు చూసి, “చేతికేమైందండి, యాక్సిడెంటా?” అన్నాడు.

నేను అవునని చెప్పబోతున్నాను. బావ అందుకున్నాడు. “సెంట్రింగ్ కాడ అయ్యింది సామీ. నా తప్పే. దూలాలు ముందే విప్పిచ్చినా. ఒక మనిషి పోయినాడు.”

వ్యాపారి ముఖం మారిపోయింది. చిల్లర చేతికివ్వకుండా గెలల మీద పెట్టాడు.

బస్టాండులో నేను విరుచుకుపడ్డాను. “పోలీసులు అడిగితే చెప్తివి. అది వేరే. అరటికాయలమ్మేటోనికి ఎందుకు చెప్పాల?” అన్నాను. “చెప్తాంటేనే కదా అలవాటయ్యేది. ఆదివారం నోట్లో నుంచి రావాల కదా” అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది, బాధ కూడా వేసింది.

కాలవ గట్టు

ఇవతలి గొయ్యి చుట్టూ పచ్చగుడ్డ కట్టేశారు. సందులోంచి చూస్తే లోపల బురదనీళ్ళు, అందులో వంగిపోయిన ఒక ఇనప పలక. అవతలి గట్టు మీద పని జోరుగా సాగుతోంది. వంతెన దాటి పోయి చూస్తే, మా ఊరి కుర్రాళ్ళే చేస్తున్నారు. మమ్మల్ని చూసి ఒకడు పైకొచ్చి “అన్నం తిన్యావా మామా?” అని బావను పలకరించి, జవాబు కోసం ఆగకుండా నిచ్చెన దిగిపోయాడు. మిగతావాళ్ళు తలెత్తలేదు.

నేను ఆ గోతి అంచుకు పోయి లోపలికి చూశాను. బావకు ఒక అలవాటుంది. ఏ వరస దూలమో తెలియడానికి చివర రంగు పూస్తాడు, అన్నిటికంటే కింది వరసకు ఎరుపు. ఆ గోతిలో బిగించి ఉన్న దూలాల్లో మూడింటికి చివర ఎరుపు ఉంది. వాటి మీద బురద ఎండి పెచ్చులు కట్టింది. యేసురత్నం వాటిని విప్పి పైకి పంపేదాకా బతికే ఉన్నాడన్నమాట. మనిషి పోయినా దూలాలు మాత్రం చేరాల్సిన చోటికి చేరాయి. ఎవరూ వాటిని కడగను కూడా కడగలేదు.

ఇవతలి గట్టు మీద ఒక టీ కొట్టుంది. నడిపే ఆమె పేరు సత్యవతి. బావకు పంచదార తక్కువ అని అడక్కుండానే గుర్తుపెట్టుకుని ఇచ్చింది. బావ సామాన్లు సర్దుకోవడానికి రేకుల షెడ్డులోకి పోయాక, ఆమె నా వైపు వంగి మెల్లగా అంది.

“ఆ చిన్న సారే దింపారండి యేసురత్నాన్ని. నేనిక్కడి నుంచే చూశాను. మేస్త్రి గారు అప్పుడు అదిగో, ఆ బల్ల మీద కూర్చుని అన్నం తింటున్నారు.”

“మరి పోలీసులకు చెప్పకపోయావా అమ్మా?”

“వాళ్ళూ నా దగ్గరే టీ తాగారండి. టీ బాగుందన్నారు. ఇంకేం అడగలేదండి.”

“ఇప్పుడైనా చెప్పొచ్చు కదా?”

ఆమె గ్లాసులు కడుగుతూ, “మీరు రేపెల్లిపోతారండి. నా కొట్టు ఇక్కడే ఉండాలి కదండీ” అంది. టీ డబ్బులు తీసుకోనంది. అప్పటికి నాకు ఆ జిల్లా మర్యాద మీద విసుగెత్తిపోయింది. పది రూపాయల నోటు బల్ల మీద పెట్టి వచ్చేశాను.

ఆదరణ కూడిక

మా వైపు చావంటే డప్పులు, అరుపులు, గుండెలు బాదుకోవడం. ఇక్కడ షామియానా కింద వరసగా కుర్చీలు, తెల్లచీరలు, మెల్లగా పాటలు. ఏడ్చేవాళ్ళు కూడా కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నారు. ముందు వరసలో ఇంజనీరు తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నాడు. వచ్చినవాళ్ళందరికీ మంచినీళ్ళ సీసాలు కంపెనీ పంపించిందట.

పాస్టరు గారు క్షమాపణ గురించి మాట్లాడి, “ఓబులేసు గారు ఒక మాట చెప్తారు” అన్నారు. బావ లేచాడు. నేనూ లేచాను. నిజం చెప్పేద్దామనే లేచాను. బావ ఎడమచేత్తో నా చొక్కా పట్టుకుని కిందికి లాగాడు, గుండీ తెగింది. “కూచోరా” అన్నాడు. చాలా కాలంగా నన్ను ఎవరూ అట్లా గదమలేదు. కూర్చున్నాను.

“తెల్లీక విప్పిచ్చినా తల్లీ. మా సీమలో మన్ను నిలబడతాది. ఈడ అట్లనే అనుకుంటి” అన్నాడు బావ. అంతే అన్నాడు.

యేసురత్నం భార్య మార్తమ్మ లేచి నిలబడింది. సన్నటి మనిషి. “మీరు కావాలని చెయ్యలేదండి. దేవుడు క్షమించమన్నాడు. నేను క్షమించానండి అన్నయ్య గారూ” అంది. అందరూ ఆమేన్ అన్నారు. ముందు వరసలోంచి ఇంజనీరు గొంతు కూడా నాకు విడిగా వినిపించింది. పాస్టరు గారి వైపు తిరిగి, “ఎంత మంచి మనసండి” అన్నాడు. నా జీవితంలో మనిషిని కొట్టాలని అంతగా అనిపించిన రోజు ఇంకోటి లేదు.

తర్వాత భోజనాలు. బావ ఆకు ముందు కూర్చుని కట్టున్న కుడిచేతి వైపు చూసుకుంటున్నాడు, ఎడమచేత్తో తినడానికి మనసొప్పలేదు. మార్తమ్మ వడ్డిస్తూ వచ్చి అది చూసింది. గిన్నె పక్కన పెట్టి, కింద కూర్చుని, పప్పన్నం కలిపి, ఆయన నోటికి ముద్దలు అందించింది. బావ కళ్ళల్లోంచి నీళ్ళు కారి ఆకులో పడుతుంటే, నములుతూనే ఉన్నాడు. ఎవరో ఫోన్లో ఫోటో తీశారు.

నేను తినలేదు. చేతులు కడిగే కుళాయి దగ్గర ఆమె ఒంటరిగా దొరికింది. ఇక ఆపుకోలేకపోయాను. “అమ్మా, మా బావ కాదమ్మా. ఆయన వద్దన్నాడు” అన్నాను.

“తెలుసండి” అంది.

ఆమె చెయ్యి తుడుచుకుంటూ చెప్పింది. “దిగే ముందు మా ఆయన నాకు ఫోన్ చేశారండి. మేస్త్రి గారు వద్దన్నారు, సారేమో దిగమంటున్నారు, ఏం చెయ్యను అని.”

“నువ్వేం చెప్పావమ్మా?”

“సారు మాట కాదంటే రేపట్నుంచి పనికి రానివ్వరు, దిగమన్నానండి.” ఆమె కుళాయి కట్టేసింది. “క్షమించాలి, క్షమించాలి అని రోజూ చెప్తున్నారండి అందరూ. ఆ సారుని నా వల్ల కాదండి. నన్ను నేనూ క్షమించుకోలేను. మీ బావగారు వచ్చి నిలబడ్డారు. ఆయన్నైతే క్షమించగలిగానండి.”

లోపల ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది.

ఇల్లు

తిరుగు రైల్లో ఆ మాట బావకు చెప్పాను. కిటికీ వైపు తిరిగి, “తెలిసీ నాకు ముద్ద పెట్టిందా” అన్నాడు. ఎవరో ఒకరికి నిజం తెలుసుననేది ఆయనకు ధైర్యమవుతుందనుకున్నాను. అయిందో లేదో నాకు తెలియదు.

ఊళ్ళో నిజం నిలబెట్టగలననే నమ్మకంతో దిగాను. మనవాళ్ళు కదా, మన మేస్త్రి కదా. మా వీధిలోనే రామసుబ్బయ్య ఇల్లు కడుతున్నాడు. దాని పునాది రోజునే పైకప్పు సెంట్రింగ్ ఓబులేసుదేనని మాటిచ్చాడు. చెయ్యి మానాక బావ దగ్గరుండి చేయిస్తాడని చెబుదామని పోతే, ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఎవరో మేస్త్రి రేకులు దించుతున్నాడు. నేను జరిగింది మొదటి నుంచీ చెప్పాను. ఎర్రరంగు దూలాలు, టీ కొట్టు, మార్తమ్మ, అన్నీ. రామసుబ్బయ్య ఓపిగ్గా విన్నాడు.

“నీ మాట కాదనడంల్యా. కానీ చర్చిలో అందరి ముందరా ఒప్పుకున్నాడంట కదప్పా. ఆడ పనిచేసే మన పిల్లోల్లే ఫోన్ చేసి చెప్పినారు. ఫోటో కూడా పంపినారు” అన్నాడు.

ఎవరి కూలి నిలబెట్టాలని బావ ఆ మాట మోశాడో వాళ్ళే దాన్ని ఊరికి చేరవేశారు. వాళ్ళను తిడుతూ అక్క ఇంటికి వచ్చి, వీధంతా వినపడేలా రామసుబ్బయ్యనూ తిట్టాను. బావ అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు.

“వాన్ని తిట్టగాకు రా. నేనైనా పిలుచ్చానా, మనిషి పోయిన కాడ మేస్త్రిని?” అన్నాడు.

“నువ్వు విప్పలేదు కదా బావా! నీకు నువ్వే నమ్ముతాండావా ఏంది?”

“విప్పలేదు. వద్దంటి, పైకొచ్చి అన్నం తింటి. గోడ ఎంత పచ్చిగా ఉందో ఆడ సరిగా తెలిసినోన్ని నేనొక్కన్నే. ఆ పూట అన్నానికి పోకుండా దూలాల కాడనే కూచోనుంటే, యేసురత్నం దిగేటోడా?”

అక్క నా వైపు చూసింది, ఏదో ఒకటి చెప్పమన్నట్టు.